తొమ్మిదో నంబరు మెషిన్, ఫలితాల పేజీ

2002వ సంవత్సరం. రాజమండ్రి దానవాయిపేటలో మా టైపు ఇన్‌స్టిట్యూట్‌కి అది ముప్పై ఒకటో ఏడు. 1971 జూన్ 14న మూడు మెషిన్లతో మొదలుపెట్టాను. 1988 నాటికి పద్నాలుగు మెషిన్లు, రెండువందల పన్నెండు మంది విద్యార్థులు అయ్యారు. 2002 జనవరిలో హాజరు పట్టీలో మిగిలింది ముప్పై ఎనిమిది మంది. మా ఎదురుగా మేడ మీద కంప్యూటర్ సెంటరు వచ్చింది. దాని బోర్డు కింద ఒక వెబ్‌సైటు పేరు కూడా రాసి ఉండేది. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్లు. ఆ బోర్డు చూసినప్పుడల్లా, చెప్పుకోవడానికి వాళ్ల దగ్గరేముంది, నా దగ్గర ఇరవై రెండేళ్ల ఫలితాలున్నాయి కదా అనుకునేదాన్ని.

వృత్తిలో మరిచిపోలేని సంగతి రాయమంటే చాలామంది నెగ్గిన కథ రాస్తారు. నేను మరిచిపోలేనిది మాత్రం ఇది.

వెబ్‌సైటు కట్టించడానికి ఎవరికీ ఇవ్వలేదు. నేనే నేర్చుకున్నాను. వీధి చివర ఇంటర్నెట్ సెంటరు నడిపే ప్రకాశరావు గారు బ్యాంకులో రిటైరైన మనిషి. హెచ్‌టీఎంఎల్ ఆయనే నేర్పారు. అదేమంత బ్రహ్మవిద్య కాదు. మనం రాసే మాటలకి అటూ ఇటూ కొన్ని గుర్తులు పెడతాం. వాటిని ట్యాగులంటారు. ఏ మాట పెద్దదిగా కనపడాలో, ఏది ఎర్రగా కనపడాలో ఆ గుర్తులే చెబుతాయి. టైపులో నలభై ఏళ్లు చెయ్యి తిరిగినదాన్ని కాబట్టి గుర్తు తప్పు పడటం నా విషయంలో అరుదు. జనవరి 21 నుంచి రోజుకి రెండు గంటలు ఆయన సెంటరులో కూర్చున్నాను.

కంప్యూటర్ ముట్టుకునే ముందు కాగితం మీద వేసుకోవాలని ఆయన చెప్పారు. ఒక పొడుగు నోటుబుక్కు కొని పదకొండు పేజీల ప్రణాళిక రాశాను. మొదటి పేజీలో సైట్ మ్యాప్, అంటే మొత్తం ఎన్ని పేజీలు, ఏ పేజీ లోంచి దేనికి వెళ్లాలి అనే పటం. ముఖపత్రం, మా గురించి, కోర్సులు, ఫలితాలు, చిరునామా - ఐదు పేజీలు. రెండో పేజీలో పైన "ఈ సైటు ఎవరు చూస్తారు?" అన్న ప్రశ్న. ఆ ప్రశ్న ఆయనే రాయించారు. దాని కింద ఆరు జవాబులు రాశాను: కొత్తగా చేరేవారు, వారి తల్లిదండ్రులు, టైపిస్టులు కావలసిన కంపెనీలు, ఆఫీసులు, పాత విద్యార్థులు, ఎదురు మేడ వాళ్లు. చివరి జవాబు చూసి ప్రకాశరావు గారు నవ్వారు. నేను నవ్వలేదు.

సైటుకి ప్రాణం ఫలితాల పేజీ అని నా నమ్మకం. 1980 నుంచి 2001 దాకా నా రిజిస్టర్లలో ఉన్న పరీక్షలన్నీ ఎక్కించాను. క్రమ సంఖ్య, పేరు, ఊరు, గ్రేడు, పరీక్ష తేదీ, ఫలితం, రిమార్కు - ఏడు గళ్లు. రెండువేల నూట పద్నాలుగు వరసలు. ప్యాసైనవి 1,649, ఫెయిలైనవి 465. నూటికి డెబ్బై ఎనిమిది. ప్యాసు నీలం రంగు, ఫెయిలు ఎరుపు. మా గోడ మీద నోటీసు బోర్డుకి మొదటి నుంచీ అదే పద్ధతి. ప్యాసైనవాళ్లని నీలం సిరాతో, తప్పినవాళ్లని ఎర్ర సిరాతో పక్కన రిమార్కుతో సహా రాసి అంటించేదాన్ని. నా బోర్డు అబద్ధం చెప్పదని రాజమండ్రిలో పేరు.

ఆ పేజీ చూసి ప్రకాశరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఫెయిలైన వాళ్లవి కూడా పెడుతున్నారాండి?"

"సగం పెడితే దాన్ని ఫలితాలనరండి, ప్రకటనంటారు."

"పోనీ పేర్లు లేకుండా..."

"పేరు లేని ఫలితం ఎవరు నమ్ముతారండీ? నా రిజిస్టర్లో ఉన్నదే కదా పెడుతున్నాను."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. ఏప్రిల్ 15 సోమవారం సైటు ఎక్కించాం. మా కంప్యూటరులో ఉన్న పేజీలని ఫోను లైను మీదుగా ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటరుకి పంపడమే ఎక్కించడం. గంటా ఇరవై నిమిషాలు పట్టింది. ప్రతి పేజీ అడుగునా విజిటర్ కౌంటర్ పెట్టాను. ఎంతమంది చూశారో అది లెక్క చెబుతుంది. ఆ వారంలోనే అరవై పోస్టుకార్డులు టైపు చేసి, రాజమండ్రి, కాకినాడ, సామర్లకోట, భీమవరంలో నాకు తెలిసిన ఆఫీసులన్నింటికీ పంపాను. "మా విద్యార్థుల ఫలితాలు చూసి, మీకు కావలసిన వారిని ఎంచుకోండి" అని.

జూలై 9 మంగళవారం ఉదయం పదకొండుకి కుసుమ వచ్చింది.

వెంటనే గుర్తుపట్టలేదు. సన్నటి మనిషి, ముప్పై ఒకటో ముప్పై రెండో ఉంటాయి, చేతిలో మడిచిన కాగితం. 1990 నుంచి రెండేళ్లు నా దగ్గర నేర్చుకుంది. లోయర్, అంటే మొదటి గ్రేడు పరీక్ష, ఒక్కసారికే ప్యాసైంది. హయ్యర్ మూడుసార్లు తప్పింది. హయ్యరంటే నిమిషానికి నలభై ఐదు మాటల చొప్పున పది నిమిషాలు ఆగకుండా కొట్టాలి. ఆ తర్వాత భీమవరంలో రొయ్యల మేత కంపెనీ ఆఫీసులో చేరిందని విన్నాను. ఎలా చేరిందని అడగలేదు.

క్లాసులో తొమ్మిది మంది పిల్లలు కొడుతున్నారు. కుసుమ నా బల్ల దగ్గరికొచ్చి కాగితం విప్పింది. నా ఫలితాల పేజీయే, ప్రింటు తీసినది. మూడు వరసల కింద పెన్నుతో గీతలున్నాయి. మూడో వరస చివరి గడిలో నేను ఇంగ్లీషులో రాసిన రిమార్కు: బ్లేమ్స్ మెషిన్. అంటే, తప్పు మెషిన్ మీదకి నెడుతుందని.

"ఇది మా మేనేజరు గారిచ్చారండి. మీ కార్డు చూసి సైటు తెరిచారంట."

"మంచిదే. అయితే?"

"చేరేటప్పుడు హయ్యర్ ప్యాసయ్యానని చెప్పానండి. సర్టిఫికెట్టు ఇంటి దగ్గరుందన్నాను. పాత మేనేజరు గారు మళ్లీ అడగలేదు. ఇప్పుడీయన ఆఫీసు మొత్తానికి నన్ను హెడ్డుగా వేద్దామనుకుంటున్నారు. ఈలోగా ఇది చూశారు."

"అబద్ధం చెప్పావన్నమాట."

"అబద్ధమేనండి. ఇరవై రెండేళ్లప్పుడు చెప్పాను. తొమ్మిదేళ్ల ఐదు నెలలు ఆ అబద్ధానికి సరిపడా పని చేశానండి."

లెక్క సరిగ్గా చెప్పింది. అది గమనించాను, మిగిలింది వినిపించుకోలేదు.

"ఇరవయ్యో తారీకు లోపు ఏదో ఒకటి తేల్చుకుని రమ్మన్నారండి. ఆయన చూసింది చూశారు, దానికేం చెయ్యలేం. కానీ ఆఫీసులో పద్దెనిమిది మందిమండి. అందరూ రోజూ తెరుస్తున్నారు. ప్రింటరు ఆగితే చాలు, 'ఏంటి కుసుమగారూ, తప్పు మెషిన్‌దేనాండీ?' అంటారు. టీ ఇచ్చేవాడు కూడా నేర్చుకున్నాడండి. గ్లాసు చెయ్యిజారి పడితే 'తప్పు గ్లాసుదండీ' అంటాడు. నవ్వేసి ఊరుకుంటున్నాను."

ఆమె చెబుతున్నప్పుడు వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"నా వరసలు తీసెయ్యండి టీచరు గారూ. అన్నీ కాకపోతే ఆ ఒక్క మాటైనా తీసెయ్యండి. నాకు టైపు వచ్చని మీ చేత్తో ఒక ముక్క రాసివ్వండి. ఆయన వింటారండి, మీరంటే పేరుంది."

నేనన్న మాటలు ఇక్కడ ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"ఒక్క వరస తీస్తే కింద మొత్తం తప్పుతుంది. నంబర్లన్నీ మారతాయి. ఫెయిలయ్యావా, లేదా? అది చెప్పు."

"అయ్యానండి."

"మరి నేను తప్పేం రాశాను?"

పిల్లలందరి మెషిన్లూ ఆగిపోయి ఉన్నాయి. కుసుమ కాగితం మడుచుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "మూడోసారి మాత్రం నిజంగానే బండి ఆగిందండి. ఆ రోజే చెప్పాను మీకు" అని వెళ్లిపోయింది. మంచినీళ్లు కూడా ఇవ్వలేదని ఆమె వెళ్లిన గంటకి తట్టింది.

ఆ చివరి మాట నన్ను వదల్లేదు. ఆమె మీద జాలితో కాదు. నా మెషిన్‌ని అన్నందుకు. ఆ రోజుల్లో పరీక్ష రాసేవాళ్లకి మెషిన్ పరీక్ష హాలులో ఇచ్చేవారు కాదు. ఎవరి ఇన్‌స్టిట్యూట్ మెషిన్లు వాళ్లే రిక్షా మీద పంపుకోవాలి. ఎవరికి ఏ నంబరు మెషిన్ ఇచ్చామో, ఏ మెషిన్‌కి ఎప్పుడు ఏం రిపేరు చేయించామో నా దగ్గర వేరే రిజిస్టరు ఉంటుంది. నా మెషిన్ బాగానే ఉందని చూపించాలి, ఎవరికి చూపిస్తానో తెలియకపోయినా సరే అనుకుని, మర్నాడు ఉదయం ఆ రిజిస్టరు దించాను.

1992 మే 23, శనివారం. హయ్యర్ పరీక్ష. కుసుమకి ఇచ్చింది తొమ్మిదో నంబరు మెషిన్.

కాగితం తిప్పాను. 1992 జూన్ 1, సోమవారం. తొమ్మిదో నంబరు. "క్యారేజి లాగే తాడు పోగులు విడిపోయింది. మార్చడమైనది." కింద మెకానిక్ సంతకం, పక్కన నాది.

ఆ తాడు సంగతి తెలియనివాళ్లకి చెప్పాలి. టైపు మెషిన్‌లో అక్షరం పడగానే కాగితం ఉన్న భాగం ఒక్క అక్షరం మేర పక్కకి జరగాలి. దాన్నే క్యారేజి అంటారు, మా పిల్లలు బండి అనేవారు. లోపల స్ప్రింగుకి కట్టిన తాడు దాన్ని లాగుతుంది. ఆ తాడు పోగులు విడితే ఒకసారి లాగుతుంది, ఒకసారి లాగదు. లాగనప్పుడు అక్షరం మీద అక్షరం పడుతుంది. నెమ్మదిగా కొట్టేవాళ్లకి అంతగా తెలియదు. నలభై ఐదు మాటల వేగంతో కొట్టేవాళ్లకి పేజీ అంతా పాడవుతుంది. పడ్డ ప్రతి చోటా ఒక తప్పు లెక్క.

ఆ శనివారం సాయంత్రం కుసుమ నా దగ్గరికొచ్చి, "బండి ఆగిపోతోందండి" అంది. "మెషిన్‌ని అనకు, వేళ్లని చూసుకో" అన్నాను. రిజిస్టర్లో బ్లేమ్స్ మెషిన్ అని రాశాను. ఇదంతా నాకు గుర్తే. అయితే ఆమె మాట నేను నమ్మకపోతే, పది రోజులు తిరక్కుండానే జూన్ 1న తొమ్మిదో నంబరుకి మెకానిక్‌ని ఎందుకు పిలిపించినట్టు? మిగతా పదమూడు మెషిన్లకి ఆ నెలలో రిపేరే లేదు. ఆమె మాట నమ్మాను, కాబట్టే పిలిపించాను. తాడు చూశాను. సంతకం పెట్టాను. ఆగస్టులో ఫలితం వచ్చినప్పుడు ఎర్ర సిరాతో ఆమె పేరు బోర్డు మీద రాసి, ఆ రిమార్కుని అలాగే అంటించాను. అప్పుడు తాడు సంగతి గుర్తు రాలేదని రాయాలని ఉంది. గుర్తొచ్చిందో లేదో నాకిప్పటికీ తెలియదు.

కుసుమ ఆఫీసు ఫోను నంబరు నా దగ్గరుంది. ఆ నిమిషాన ఫోను చేసి, "అమ్మాయ్, మెషిన్‌దే తప్పు, మీ మేనేజరు గారికి ఫోనివ్వు" అనాల్సింది. అనలేదు. ముందు సైటు సరిచేసి, ఆ తర్వాత చెబుదామనుకున్నాను. సరిచెయ్యడమంటే నాకు పూర్తిగా సరిచెయ్యడమే. కుసుమవి మొత్తం నాలుగు వరసలు. తీస్తే మిగిలేవి 2,110. ప్యాసు 1,648, ఫెయిలు 462. క్రమ సంఖ్యలు ఒక్కొక్కటీ చేత్తో కొట్టినవి. ఆమె చివరి వరస 1,207వది. దాని తర్వాతవే తొమ్మిదివందల ఏడు నంబర్లు మార్చాలి. రోజుకి నూట పాతిక చొప్పున మార్చాను. మారుస్తున్నంతసేపూ మంచి పని చేస్తున్నట్టే అనిపించింది. ఒక్క మాట చెరిపి పేజీ ఎక్కించడానికి పావుగంట చాలు. నాకు తొమ్మిది రోజులు పట్టింది. జూలై 19 శుక్రవారం కొత్త పేజీ ఎక్కించి, మేనేజరు గారికి ఉత్తరం టైపు చేసి పోస్టులో వేశాను.

ఇరవయ్యో తారీకు మర్నాడేనని ఉత్తరం డబ్బాలో పడ్డాక లెక్కకొచ్చింది. తేదీలు లెక్కపెట్టుకుని బతికినదాన్ని.

22 సోమవారం ఉదయం పాసింజరు ఎక్కి, నిడదవోలు మీదుగా భీమవరం వెళ్లాను. ఒళ్లో మెషిన్ల రిజిస్టరు. మేనేజరు గారికి నలభై ఏళ్లుంటాయి, మర్యాదస్తుడు. కుర్చీ వేయించారు. నా ఉత్తరం ఇంకా అందలేదు. రిజిస్టరు తెరిచి రెండు తేదీలూ చూపించాను. ఆయన జాగ్రత్తగా చదివారు.

"ఆవిడ శనివారమే రాజీనామా ఇచ్చారండి. నేను పొమ్మనలేదు. హెడ్డు పోస్టు ఇప్పుడు కుదరదు, కొత్తగా వచ్చే అమ్మాయి కింద పని చెయ్యండి అన్నాను. రెండు రోజులు ఆలోచించుకుని, వద్దండి అన్నారు."

"పని ఎలా చేసేది?"

"ఆవిడ కొట్టిన ఉత్తరం నేనెప్పుడూ రెండోసారి చదవలేదండి. మీ సైటు చూడకపోతే సర్టిఫికెట్టు అడిగేవాడినే కాదు." ఆయన రిజిస్టరు మూసి, "మీరు కార్డు పంపారు కదండీ, అందుకని చూశాను" అన్నారు.

చిరునామా రాసిచ్చారు. కుసుమ ఇల్లు ఆఫీసుకి దగ్గరే. వీధి గదిలో నేల మీద కూర్చుని, కూతురి బడి పుస్తకాలకి గోధుమరంగు అట్టలు వేస్తోంది. నన్ను చూసి లేచింది. చాప పరిచింది. మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ గ్లాసు పట్టుకుని తాగలేకపోయాను.

రిజిస్టరు ముందుపెట్టి మే 23, జూన్ 1 చూపించాను. "నీ తప్పు కాదమ్మా. మెషిన్‌దే. నాకు తెలుసు. అప్పుడే తెలుసు" అన్నాను. బయల్దేరేటప్పుడు కూడబలుక్కున్న మాటలు చాలా ఉన్నాయి. ఇంతే వచ్చింది.

కుసుమ మెకానిక్ సంతకం మీద వేలు పెట్టి చూసింది.

"మొదటి రెండుసార్లు నా తప్పేనండి. వేగం లేదు. మూడోసారికి వేగం వచ్చింది. ఇంటికెళ్లి మా అమ్మకి చెప్పాను, బండి ఆగిందని. ఆడలేక మద్దెల ఓడు అంటున్నావే అంది. తర్వాత తర్వాత నాకూ అనుమానం వచ్చిందండి, నా వేళ్లే ఆగాయేమోనని. పదేళ్లు అలాగే అనుకున్నాను."

"నీ వరసలు తీసేశాను. మొత్తాలు కూడా మార్చాను."

"మంచిదండి." తర్వాత తలెత్తి నా మొహంలోకి చూసి అడిగింది. కోపంగా కాదు, తెలుసుకోవడానికే అడిగినట్టు అడిగింది. "ఇది కూడా సైట్లో పెడతారాండి?"

ఆమె మళ్లీ అట్ట మడతపెట్టుకుంటూ, "పెడితే నా పేరు లేకుండా పెట్టండి" అంది.

రాజమండ్రి వచ్చిన మర్నాడు పొద్దున్నే ప్రణాళిక నోటుబుక్కు తీశాను. రెండో పేజీ. "ఈ సైటు ఎవరు చూస్తారు?" ఆరు జవాబులు. పాత విద్యార్థులని రాశాను కానీ, వాళ్లొచ్చి మా పేరు ప్రతిష్ఠలు చూసి సంతోషిస్తారనే నా ఊహ. తమ పేరు ఎర్రగా ఉన్న మనిషి ఒకరు ఆ పేజీ తెరుస్తారని, పక్కన నిలబడి మిగతా పదిహేడు మంది చూస్తారని పదకొండు పేజీల్లో ఎక్కడా లేదు. ఇంకొకటి కూడా అప్పుడే కనపడింది. నా గోడ మీది బోర్డుని నేను పదో రోజు తీసేసేదాన్ని. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా పదకొండో రోజు ఉంచలేదు. ఎర్ర సిరా, రిమార్కు అన్నీ జాగ్రత్తగా సైటులోకి దించాను, ఆ పదో రోజుని మాత్రం దించలేదు. మిగిలిన 462 ఎర్ర వరసల్లో ఎంతమంది ఎన్ని ఆఫీసుల్లో నవ్వేసి ఊరుకుంటున్నారో నాకు తెలిసే దారి లేదు.

జూలై 23న ఫలితాల పేజీ మొత్తం తీసేశాను. తీసేనాటికి దాని కౌంటర్ 340 చూపిస్తోంది.

దాని స్థానంలో ఒక చిన్న పేజీ పెట్టాను. "1992 మే 23న జరిగిన హయ్యర్ పరీక్షకి మేము పంపిన తొమ్మిదో నంబరు మెషిన్‌లో లోపం ఉంది. ఆ సంగతి అభ్యర్థి అదే రోజు చెప్పినా మేము లెక్కచెయ్యలేదు. తప్పు ఇన్‌స్టిట్యూట్‌ది." కింద నా పేరు, ఎర్ర రంగులో. మళ్లీ అరవై పోస్టుకార్డులు టైపు చేసి అవే ఆఫీసులకి పంపాను.

తర్వాతి ఏడాది కుసుమ భీమవరంలోనే ఒక ఐస్ ఫ్యాక్టరీ ఆఫీసులో చేరిందని తెలిసింది. జీతం ఎంతని అడగలేదు. నాకు ఉత్తరం రాయలేదు, రాయాల్సిన పని కూడా లేదు.

ఉన్నది ఉన్నట్టు రాస్తే ఎవరికీ అన్యాయం జరగదని చాలా ఏళ్లు నమ్మాను. ఉన్నదంతా నా రెండు రిజిస్టర్లలోనూ ఉంది. నేను లోకానికి చూపించింది వాటిలో ఒక్కటే. ఏది చూపించాలో ఎంచుకున్నది నేను. ఆ తర్వాత ఎవరైనా సైటు కట్టుకుంటున్నామని సలహా అడిగితే, అందులో పేరు పడే ప్రతి మనిషినీ ముందు వెళ్లి అడగమని చెప్పాను.

2006 మార్చి 31న ఇన్‌స్టిట్యూట్ మూసేశాను. సైటు కూడా ఆ రోజే తీసేశాను. తీసేముందు ఆ చిన్న పేజీ కౌంటర్ చూశాను. మూడేళ్ల ఎనిమిది నెలల్లో పంతొమ్మిది. అందులో పదకొండుసార్లు చూసింది నేనే.